ఉల్లిట్ అని చదవాలి

పోయిన వారం నాకు పోస్టులో ఒక పుస్తకం వచ్చింది. ఈ కెల్‌డేల్ లోయలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇంటింటికీ ఉత్తరాలు పంచినదాన్ని. అయినా నా పేరు మీద ఏదైనా వస్తే ఇప్పటికీ సంబరంగానే ఉంటుంది. ఆ సంబరం కవరు విప్పేదాకానే నిలిచింది. అట్ట మీద బంగారు రంగు అక్షరాలతో 'ఉల్లర్‌థ్వైట్ వంశం: పుట్టుక, వ్యాప్తి. మూడో ముద్రణ' అని ఉంది. నలభై రెండో పేజీలో మా కిజ్జీ గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది. "గిల్ హెడ్ వాసి మిస్ కెజయా 1979లో తన ఇంటిపేరును సరిదిద్దుకున్నారు, 1996లో మరణించారు."

సరిదిద్దుకుందట! ఆ మాట చదవగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పుస్తకాన్ని పొయ్యిలో పారేద్దామని లేచాను కూడా. కానీ నా ఒక్క కాపీ కాలిస్తే ఏం లాభం? మిగతా మూడువందలూ మూడువందల ఇళ్ళలో భద్రంగా ఉంటాయి. రేపు ఎవడో వాటిని చూసి అదే నిజమనుకుంటాడు. అందుకని కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాను. నాకు రచన రాదు, జరిగింది చెప్పడం వచ్చు.

కెజయా ఉల్లిట్ 1914లో గిల్ హెడ్‌లో పుట్టింది. లోయ చిట్టచివర, రోడ్డు ఆగిపోయాక ఇంకో మైలు నడిస్తే వచ్చే రాతి ఇల్లు అది. వెనకాలే బ్లీ కొండ నిటారుగా లేస్తుంది. తల్లి ఆమె చిన్నప్పుడే పోయింది. అన్న ఏమస్ ఓడలు కట్టే పనికి పట్నం పోయి, అక్కడి దుమ్ముకు ఊపిరితిత్తులు చెడి నలభై నిండకుండానే పోయాడు. మిగిలింది తండ్రీ, కూతురూ, గొర్రెలూ. తండ్రి పోయాక కూతురూ గొర్రెలే.

మనిషి పొట్టి, చేతులు మాత్రం మగాడి చేతులంత ఉండేవి. నోటి గురించి చెప్పక్కర్లేదు. ఉన్ని కొనడానికొచ్చిన వర్తకుడు ఒకసారి త్రాసు దగ్గర చెయ్యి వాలిస్తే, ఆ చేతి మీద ఉన్ని కత్తెర పెట్టి, "తీస్తావా, తియ్యమంటావా?" అని అడిగింది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా ఆరా తీస్తే ఒకటే జవాబు. "అడిగినోళ్ళు ముగ్గురు. ముగ్గురిలో ఒక్కడికీ గొర్రె గిట్ట చెక్కడం రాదు."

నేను పోస్టు పనిలో చేరిన కొత్తలో ఆమె అంటే నాకు హడలు. గుమ్మం దగ్గర ఉత్తరం పెట్టేసి పారిపోయేదాన్ని. మూడో వారం నన్ను మెడ పట్టుకున్నంత పని చేసి లోపల కూర్చోబెట్టింది. "ఏం పిల్లా, నేనేమన్నా కరుస్తానా? ఇంత దూరం ఎక్కొచ్చి టీ తాగకుండా పోతే నా పరువేం కాను?" అంది. ఆ రోజు నుంచి ఇరవై ఏళ్ళకు పైగా గిల్ హెడ్‌లో నా టీ కప్పు నాకు వేరేగా ఉండేది.

ఆమె గొర్రెల సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మా కొండ మీద గోడలుండవు, కంచెలుండవు. అయినా ఏ మంద గొర్రెలు ఆ మంద చోటనే మేస్తాయి. తల్లి తన పిల్లకు ఆ చోటు చూపిస్తుంది, ఆ పిల్ల పెద్దదై తన పిల్లకు చూపిస్తుంది. ఎవరూ నేర్పక్కర్లేదు. అట్లాంటి మందను ఇంకో కొండకు తోలితే నిలవదు, గోడలు దూకి పాత చోటికే వస్తుంది. కొండ పోయిందంటే మందను కసాయికి తోలడమే. ఇంకో దారి లేదు.

1947 చలికాలంలో ఏడు వారాలు మంచు కురిసింది. కిజ్జీ పొడవాటి కర్రతో మంచును పొడుస్తూ, కింద మెత్తగా తగిలిన చోటల్లా తవ్వి చూసేది. అప్పటికి మందలో ఉన్నవి అరవై. బతికినవి పంతొమ్మిది. ఆ పంతొమ్మిదింటి నుంచి ఇరవై ఏళ్ళలో మళ్ళీ అరవై చేసింది. బ్లీ కొండ మీద ఆమె హక్కు కూడా సరిగ్గా అరవై గొర్రెలకే. 1812లో కొండను పంచినప్పుడు రాసుకున్న పత్రంలో అలాగే ఉంది. గిల్ హెడ్ జోసెఫ్‌కు, అతని వారసులకు, అరవై గొర్రెల మేత.

ఇక ఆ ఇంటిపేరు సంగతి. వెయ్యేళ్ళ కింద సముద్రం అవతలి నుంచి ఉల్ఫ్ అనేవాడెవడో వచ్చి, గిల్ హెడ్ కింద ఓక్ చెట్లు కొట్టి పోడు చేసుకున్నాడు. పోడును మా పాత భాషలో థ్వైట్ అంటారు. ఉల్ఫ్ పోడు, ఉల్లర్‌థ్వైట్. రాసేది అలా. కానీ మా లోయలో అంత పొడుగు పేరు నోరారా పలికే తీరిక ఎవరికీ లేదు. చలిగాలికి నోరు సగమే తెరుస్తాం. ఉల్లర్‌థ్వైట్ అరిగి అరిగి ఉల్లిట్ అయింది. చర్చి దగ్గర పాత సమాధుల మీద పొడుగు పేరే ఉంటుంది, మేం దాన్ని చూసి ఉల్లిట్ అనే చదువుతాం. ఇందులో వింతేమీ ఉందని మాకెప్పుడూ తోచలేదు.

ఒక పేరుకు రెండు రాతలెలా వచ్చాయంటే, 1840 ప్రాంతంలో పుట్టుకలూ చావులూ రాసుకోడానికి కొత్త గుమాస్తా వచ్చాడు. ఈ దేశపు రెండో కొస నుంచి వచ్చినవాడు. పేరేంటని అడిగాడు, ఉల్లిట్ అన్నారు, ఉల్లిట్ అనే రాసుకున్నాడు. అంతకు ముందే లోయ విడిచి మిల్లులకూ, ఓడలకూ, ఆస్ట్రేలియాకూ పోయినవాళ్ళ చేతిలో మాత్రం పాత పాదిరిగారు రాసిచ్చిన కాగితాలున్నాయి. వాటిలో పొడుగు పేరు. వాళ్ళు పోయిన చోట దాన్ని ఎలా పలకాలో చెప్పేవాళ్ళు లేరు. కాగితం చూసి అక్షరం అక్షరం కూడబలుక్కున్నారు. పోయినవాళ్ళకు రాత మిగిలింది, ఉన్నవాళ్ళకు పలుకు మిగిలింది.

1974 శరత్కాలంలో లయనెల్ ఉల్లర్‌థ్వైట్ అనే పెద్దమనిషి దక్షిణాది నుంచి కారులో దిగాడు. ఇన్సూరెన్సు కంపెనీలో చేసి రిటైరయ్యాడు. ఇంగ్లండు మొత్తం మీద నలభై మందికి మించి లేని తన ఇంటిపేరు ఎక్కడ పుట్టిందో కనిపెడదామని బయల్దేరాడు. పట్టుకోవలసిన లోయనే పట్టుకున్నాడు, ఎక్కవలసిన గుమ్మమే ఎక్కాడు. ఆ పూట నేను అక్కడే ఉన్నాను.

కిజ్జీ ఒక గొర్రెను కూలేసి, దాని కాలు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని గిట్ట చెక్కుతోంది.

"క్షమించాలి మేడమ్. ఈ చుట్టుపక్కల ఉల్లర్‌థ్వైట్ కుటుంబం వాళ్ళెవరైనా ఉన్నారాండీ?" అన్నాడు లయనెల్.

"ఎవురూ?"

"ఉల్లర్... థ్వైట్."

కిజ్జీ తలెత్తలేదు. "ఆ పేరు నేనెప్పుడూ వినలా. ఇక్కడ అట్టాంటోళ్ళు లేరు, ఏనాడూ లేరు." నా వైపు తిరిగింది. "ఏం పిల్లా, నువ్వు ఊరంతా తిరుగుతావుగా, నువ్విన్నావా?"

"లేదు కిజ్జీ," అన్నాను.

ఇప్పుడీ మాట రాస్తుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది. ఆయన ఆ పేరు కాగితం మీద రాసి చూపించి ఉంటే ఇద్దరం ఒక్కసారే "ఓ, ఉల్లిట్టా!" అనేవాళ్ళం. ఆయన రాసి చూపించలేదు, నోటితో అన్నాడు. మా చెవికి అది ఏ పరాయి దేశపు పేరో అనిపించింది.

"మీ పేరు చెబుతారా?" అని అడిగాడు.

"కిజ్జీ ఉల్లిట్."

ఆ పేరుకు అక్షరాలేంటో కూడా అడిగి, నల్ల పుస్తకంలో శ్రద్ధగా రాసుకున్నాడు. థాంక్స్ చెప్పి, టోపీ ఎత్తి, కొండ దిగిపోయాడు. సొంత గడప మీద నిలబడి సొంతవాళ్ళు లేరని రాసుకుపోయినవాణ్ణి నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. చదవేస్తే ఉన్న మతి పోవడమంటే ఇదే.

రెండేళ్ళకు ఆయన పుస్తకం మొదటి ముద్రణ వచ్చింది. ఆ పేరు అచ్చులో చూశాకే ఆయన అడిగింది ఉల్లిట్ గురించేనని మాకు తెలిసింది. మధ్యలో ఇంగ్లండు పటం, దాని మీద ఎర్ర చుక్కలు. ప్రెస్టన్‌లో ఆరు, లెస్టర్‌లో నాలుగు, లండన్ చుట్టూ చిక్కగా పదకొండు. కెల్‌డేల్ ఉన్న చోట మాత్రం ఒక్క చుక్క లేదు. పేరు పుట్టిన పోడు ఎక్కడుందో తెలియడం లేదనీ, బహుశా నీళ్ళ కింద మునిగి ఉంటుందనీ రాశాడు. కిజ్జీ ఏటా బంగాళాదుంపలు వేసేది ఆ మడిలోనే. అంతటితో ఆగినా బాగుండేది. ఉల్లిట్ అనేది వేరే పేరట. రైలు మార్గం వేయడానికొచ్చిన కూలీల సంతానమో, చర్చి మెట్ల మీద దొరికిన బిడ్డ సంతానమో అయి ఉంటారట. రైలు కూలీలంటే నాకేం చిన్నచూపు లేదు, మా తాతే ఒకడు. కానీ తెలియనిది తెలియదని రాస్తే ఆయన సొమ్మేం పోయేది?

ఆ పుస్తకాన్ని ఎవరూ చదవరనుకున్నాం. బ్లీ కొండకు యజమాని అయిన ఎస్టేటు తరఫు ఏజెంటు పెండ్రిల్ చదివాడు. కొండ మీద గొర్రెల్ని తగ్గిస్తే వేటకొచ్చే దొరలకు అడవికోళ్ళు పెరుగుతాయని ఆయన లెక్క. ఆ రోజుల్లోనే దేశమంతటా కొండల మీద ఎవరికే హక్కుందో కొత్త రిజిస్టరు తయారవుతోంది. కిజ్జీ తన అరవై గొర్రెల హక్కు నమోదు చేయమని కాగితం పెట్టుకుంది. ఎస్టేటు అభ్యంతరం పెట్టింది. విచారణ 1979 ఏప్రిల్ మొదటి వారంలో మా ఊరి హాల్లో జరిగింది. గొర్రెలు ఈనడానికి పది రోజులుంది.

కుర్చీలు చాలక సగం మంది గోడకానుకుని నిలబడ్డారు. ముందు బల్ల దగ్గర కమిషనరు, పక్కన గుమాస్తా. కమిషనరు సన్నటి ముసలాయన, జలుబు చేసి ఉన్నాడు, మర్యాదస్తుడు. పెండ్రిల్ పక్కన లయనెల్ తన పటంతో సహా కూర్చున్నాడు. ఎందుకు పిలిపించారో ఆయనకు పూర్తిగా తెలిసినట్టు లేదు, పెళ్ళివారింటికొచ్చినట్టు అందరికీ నవ్వుతూ తల ఊపుతున్నాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండింది.

పెండ్రిల్ లేచి 1812 నాటి పత్రం బల్ల మీద పరిచాడు. "అయ్యా, ఈ హక్కు ఉల్లర్‌థ్వైట్ అనే వంశానిది. ఈవిడ ఉల్లిట్. ఈవిడ ఆ వంశం కాదనడానికి వేరే సాక్ష్యం వెతకనక్కర్లేదు, ఈవిడ నోటి మాటే ఉంది," అని పుస్తకం తెరిచి పదిహేడో పేజీ చదివాడు. "'ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. ఇక్కడ అలాంటివాళ్ళు లేరు, ఏనాడూ లేరు.' మిస్, ఈ మాట మీరన్నారా, లేదా?"

కిజ్జీ ముఖం ఇటుక రంగుకు తిరిగింది. అబద్ధమాడటం ఆమెకు చేతకాదు. "అన్నా," అంది.

నేను చెయ్యెత్తి, రెండు రకాలుగా రాసిన ఉత్తరాలూ ఆ ఇంటికే ఇచ్చానని చెప్పాను. "పోస్టువాళ్ళు ఇల్లు చూసి ఇస్తారు, వంశం చూసి కాదు," అని పెండ్రిల్ కొట్టిపారేశాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నట్టు నన్నో చూపు చూశాడు కూడా. ఎంత చెడ్డా అది నిజమే కాబట్టి కూర్చున్నాను.

అప్పుడు కిజ్జీ లేచింది.

"అయ్యా, నాకు చదువుకున్నోళ్ళ మాటలు రావు. ఒకటే అడుగుతా. ఆ పత్రం తీసుకుపోయి ఐజాక్ చేతికియ్యి. ఏముందో చదవమను."

ఐజాక్ మౌన్సీకి అప్పటికి ఎనభై రెండు. ముందు వరసలో కునుకు తీస్తున్నాడు. లేపి, కళ్ళజోడు పెట్టించి, పత్రం ముందు పెట్టారు. ఆయన వేలితో వరస పట్టుకుని గట్టిగా చదివాడు. "జోసెఫ్ ఉల్లిట్, గిల్ హెడ్. అరవై గొర్రెలు."

"మళ్ళీ చదవండి. ఉన్నది ఉన్నట్టుగా," అన్నాడు కమిషనరు.

"ఉన్నట్టే చదివానుగదయ్యా. జోసెఫ్ ఉల్లిట్."

"ఈ ముసలాయన ఈవిడ పొరుగువాడు, నేర్పించి తెచ్చారు!" అని పెండ్రిల్ గయ్యిమన్నాడు.

"అయితే నీ మనిషినే పిలువు," అంది కిజ్జీ. "అదిగో, తలుపు దగ్గర నిలబడి నీ ఉప్పు తింటన్నాడు. టాట్! రా ఇటు."

టాట్ ఎస్టేటు వేటకాపరి. ఈ లోయలోనే పుట్టినవాడు. టోపీ నలుపుకుంటూ వచ్చి, యజమాని ముఖం ఒకసారి, కాగితం ముఖం ఒకసారి చూశాడు. పాపం, దేనికి పిలిచారో కూడా అతనికి తెలియదు. "జోసెఫ్ ఉల్లిట్," అన్నాడు. "ఇందులో ఏముందండీ? ఎవురైనా చదువుతారు."

కమిషనరు ముక్కు తుడుచుకుని ముందుకు వంగాడు. "నీ పూర్తి పేరు?"

"టాట్ బ్రెథెట్ అండీ."

"ఎలా రాస్తావు?"

టాట్ ఒక్కో అక్షరమే చెప్పుకుంటూ పోయాడు. గుమాస్తా రాసుకుంటూ పోయాడు. రాసింది పూర్తయ్యాక కమిషనరుకు చూపించాడు. ఆయన దాన్ని గట్టిగా చదివాడు: "బ్రెయిత్‌వైట్." టాట్ వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవర్నో పిలుస్తున్నారనుకుని.

హాలు హాలంతా ఘొల్లుమంది. ఐజాక్ నవ్వలేక దగ్గాడు. పెండ్రిల్ పుస్తకం మూసేశాడు.

నవ్వు ఆగేలోపే లయనెల్ కుర్చీల్లోంచి దారి చేసుకుని వచ్చాడు. కళ్ళల్లో నీళ్ళు. "మరి... మరి మీరు మావాళ్ళేనన్నమాట! ఏటా లండన్‌లో మా వంశం విందు జరుగుతుంది, మీరు తప్పకుండా..." అని చెయ్యి చాపాడు.

కిజ్జీ ఆ చెయ్యి ముట్టుకోలేదు. "నేను మీవాళ్ళేందయ్యా? మీరే మావాళ్ళు. మీరు గడప దాటి పోయినోళ్ళు. పోయినోళ్ళు తిరిగొచ్చి పొయ్యి కాడ కూర్చున్నోళ్ళని 'మీరెవురు' అని అడగటమా? నా మాటే రాసుకుపోయి నా గొర్రెల మెడ మీదే కత్తి పెడతారా? సిగ్గుండాల."

ఆయన ముఖం మాడిపోయింది. నాకేం జాలి కలగలేదు, ఇప్పటికీ కలగడం లేదు.

కమిషనరు బల్ల మీద తట్టాడు. రెండు పేర్లూ ఒకటేనని రుజువైందనీ, అరవై గొర్రెల హక్కు ఈవిడదేననీ చెప్పాడు. జనం చప్పట్లు కొట్టబోతే చెయ్యెత్తి ఆపాడు. "ఒక్క విషయం. హక్కు ఏ పేరు మీద ఉందో రిజిస్టరులో ఆ పేరే రాయాలి. నా చేతిలో లేదు. మీరు ఉల్లర్‌థ్వైట్ అని సంతకం చేయాలి."

"నా పేరు ఉల్లిట్," అంది కిజ్జీ.

"తెలుసు. కానీ పత్రంలో ఉన్న రాత ఇది."

"మా నాయన సమాధి మీద ఉల్లిట్ అనుంది. అది తప్పా?"

"తప్పని నేను అనలేదు."

"రాయమంటన్నావుగా. ఒకటి ఒప్పైతే రెండోది తప్పేగా."

ఆయన పెన్ను ఆమె వైపు జరిపాడు. కిజ్జీ కిటికీ వైపు చూసింది. అక్కడి నుంచి బ్లీ కొండ కనిపిస్తుంది, దాని మీద కడుపుతో ఉన్న అరవై గొర్రెలు. వెళ్ళి బల్ల ముందు కూర్చుంది. అరవై అయిదేళ్ళలో ఎన్నడూ రాయని పేరు అది. "ఎట్టా రాయాల్నో చెప్పు పిల్లా," అని నన్ను పిలిచింది. నేను పక్కన నిలబడి చెబుతుంటే ఒక్కో అక్షరం, కాగితం చిరిగేంత గట్టిగా నొక్కి రాసింది. ఇదీ ఆమె 'సరిదిద్దుకోవడం'. గొర్రెల ప్రాణాన్ని పణంగా పెట్టి రాయించుకున్న రాత.

పద్ధతి ప్రకారం గుమాస్తా ఆ పేరు గట్టిగా చదవాలి, హక్కుదారు ఉన్నానని పలకాలి. అప్పుడే నమోదు పూర్తవుతుంది. కిజ్జీ వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాక గుమాస్తా లేచాడు.

"మిస్ కెజయా ఉల్లర్‌థ్వైట్."

కిజ్జీ చేతులు కట్టుకుని ఎదురుగా గోడను చూస్తోంది.

"మిస్ కెజయా ఉల్లర్‌థ్వైట్, హాజరయ్యారా?"

నేను పక్కనే ఉన్నాను. మోచేత్తో పొడిచి, "పలకవే తల్లీ, నీ గొర్రెలు!" అని గొణిగాను. ఆమె కదల్లేదు. పెండ్రిల్ చటుక్కున లేచాడు. "అయ్యా, హక్కుదారు పలకలేదు. మూడోసారి కూడా పలక్కపోతే నమోదు చెల్లదని మనవి."

కమిషనరు గుమాస్తా చేతిలోంచి కాగితం తీసుకున్నాడు. ఆ గట్టిగా నొక్కిన అక్షరాల వంక చాలాసేపు చూశాడు. జేబురుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు. లేచి నిలబడి, తనే చదివాడు.

"కెజయా ఉల్లిట్."

"ఉన్నానయ్యా," అంది కిజ్జీ. "మేమెక్కడికీ పోలా."